వదిలిన లెక్క, పట్టిన లెక్క

నెల్లూరు జిల్లా తీరాన ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, ముత్తుకూరు మండలాల్లో రొయ్యల గుంట ఉన్న మనిషిని ‘పంట ఎట్లా ఉంది?’ అని అడిగి చూడండి. ‘బాగుంది’ అని ఊరుకోడు. ఎంత పిల్ల వదిలిందీ, ఎన్ని రోజులకు పట్టిందీ, కౌంట్ ఎంత వచ్చిందీ చెబుతాడు. లక్ష పిల్ల వదిలాడనుకోండి. వలేసి పట్టిన రోజున కాటా మీద 2,400 కిలోలు తూగింది. కిలోకు 30 రొయ్యలు, అంటే 30 కౌంట్. గుణిస్తే 72 వేలు. లక్షలో 72 వేలు చేతికొచ్చాయి, 28 వేలు గుంటలోనే పోయాయి. ఈ గుణకారానికి అతనికి కాగితం అక్కర్లేదు.

మేతలో కలిపే మందు అమ్ముకునే కంపెనీ మనిషి మోటార్‌సైకిలేసుకుని గట్టు మీదికొస్తాడు. ‘మాది వాడిన గుంటలన్నీ కళకళలాడుతున్నాయి’ అంటాడు. రైతు నమ్మడు, అట్లాగని కాదనడు కూడా. నాలుగు గుంటలుంటే రెండింటికి వేస్తాడు, రెండింటిని వదిలేస్తాడు. పిల్ల ఒకే హేచరీది, నీళ్ళు ఒకే కాలవవి, మేత ఒకటే. పట్టుబడి నాడు తేడా తేలుతుంది. తేలకపోతే మందు మనిషికి మళ్ళీ ఆ గట్టు మీద టీ కూడా దొరకదు. 1990ల నడుమ తెల్లమచ్చ రోగం గుంటలకు గుంటలను తుడిచిపెట్టాక ఈ తీరం నేర్చుకున్న జాగ్రత్త ఇది.

ఇంత లెక్క తెలిసిన తీరంలోనే 2021 మే నెలలో కృష్ణపట్నం దారి జనంతో నిండిపోయింది.

కరోనా రెండో అల ఉధృతంగా ఉన్న రోజులవి. ఆసుపత్రుల్లో పడకల్లేవు. ఒక్క ఆక్సిజన్ సిలిండర్ కోసం రాత్రంతా తిరుగుతున్నారు. అప్పుడే బొనిగి ఆనందయ్య అనే నాటువైద్యుడు తేనె, మిరియాలు, జాజికాయ, వేపాకు వంటి వాటితో మందు చేసి ఉచితంగా పంచుతున్నాడన్న కబురు సెల్‌ఫోన్లలో పాకింది. పక్క రాష్ట్రాల నుంచి కూడా కార్లు, అంబులెన్సులు బారులు తీరాయి. మే 21న జనం అదుపు తప్పడంతో పంపిణీ ఆపేశారు. మందు సంగతి తేల్చమని ప్రభుత్వం కేంద్ర ఆయుర్వేద పరిశోధన మండలిని కోరింది. మందు తీసుకున్నవాళ్ళకు వైద్యులు ఫోన్లు చేసి ఎట్లా ఉందని అడిగారు. మే 31న కంట్లో వేసే చుక్కలను పక్కనపెట్టి మిగతావాటికి అనుమతి వచ్చింది. హాని కనబడలేదు, కరోనా తగ్గుతుందనడానికి నిర్ధారణ లేదు, ఎవరి ఇష్టం వాళ్ళది అన్నది సారాంశం. డాక్టర్లు ఇచ్చే మందులు మాత్రం ఆపొద్దన్నారు.

మా ఇంటికీ ఒక పొట్లం చేరింది. వద్దనలేదు, తలా ఇంత తిన్నాం. ఆ తర్వాత మాలో ఎవరికీ కరోనా రాలేదు. ఇప్పటికీ మా ఇంట్లో ఒకరిద్దరు దాన్ని ఆ మందు మహిమగానే చెప్పుకుంటారు. పొట్లం అందని ఎదురింటివాళ్ళకు కూడా రాలేదన్న సంగతి ఎవరికీ గుర్తు రాదు.

కంట్లో చుక్కలు పడ్డాక తేరుకున్నానని ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు చెప్పిన వీడియోను ఆ రోజుల్లో లక్షలమంది చూశారు. రోజులు తిరక్కుండానే ఆయన నెల్లూరు పెద్దాసుపత్రిలో చనిపోయారు. వీడియో చూసినవాళ్ళలో ఆ వార్త ఎంతమందికి చేరిందో ఊహించుకోవచ్చు. బాగుపడినవాడు మైకు ముందుకొస్తాడు. పోయినవాడు రాడు. ఫోన్లు చేసి కనుక్కోవడంలోనూ ఇదే చిక్కు. ఎత్తి మాట్లాడేవాడు చాలావరకు బాగున్నవాడే అవుతాడు.

అసలు కిటుకు మరొకటుంది. కరోనా సోకిన నూరుమందిలో సుమారు 80 మంది ఆసుపత్రి గడప తొక్కకుండానే కోలుకుంటారని మొదటి ఏడాదికే తెలిసింది. ఆ నూరుమందికీ మజ్జిగ పోసినా ఎనభైమంది లేచి తిరుగుతారు. ఆ ఎనభైమందీ మజ్జిగకు దణ్ణం పెడతారు. మందు పని చేసిందో లేదో తెలియాలంటే అది పుచ్చుకోని మరో నూరుమందిని, అదే వయసు వాళ్ళను, అదే జబ్బు తీవ్రత ఉన్నవాళ్ళను పక్కన పెట్టి చూడాలి. అంటే మందు వేయని రెండు గుంటలు కావాలి. మే నెలలో ఆ దారిన వచ్చినవాళ్ళలో గుంటల రైతులూ ఉన్నారు. రొయ్యకు వేసిన లెక్క మనిషి దగ్గరికొచ్చేసరికి ఎందుకు మరిచిపోతామో నాకు అర్థమయినట్టే ఉంటుంది. ఇంట్లో మనిషికి ఊపిరాడనప్పుడు ఎవరూ పక్క గుంటను చూడరు. రోగి తరఫువాళ్ళు చూడలేరు కాబట్టే వైద్యం చేసేవాళ్ళు చూడాలి.

వాళ్ళు చూశారా? ఆనందయ్య మీద నవ్విన పెద్ద ఆసుపత్రుల సంగతి కూడా చెప్పుకుందాం. అదే రెండో అలలో ‘ఓ పాజిటివ్ ప్లాస్మా కావాలి, అర్జెంటు’ అని వచ్చిన మెసేజీలు మీ ఫోన్లో ఎన్ని? కోలుకున్నవాడి రక్తం నుంచి తీసిన ప్లాస్మా ఎక్కిస్తే కొత్త రోగి బతుకుతాడన్నది నమ్మకం. వినడానికి హేతుబద్ధంగానే ఉంది. అయితే అంతకు ఏడాది ముందే, 2020లో, భారత వైద్య పరిశోధన మండలి దేశంలోని 39 ఆసుపత్రుల్లో 464 మంది మీద ఆ పరీక్ష చేసింది. ఎవరికి ప్లాస్మా ఎక్కించాలో, ఎవరికి అక్కర్లేదో చీటీలు తీసినట్టు నిర్ణయించి, 28 రోజులు కనిపెట్టి చూశారు. ప్లాస్మా ఎక్కించిన 235 మందిలో 44 మందికి జబ్బు ముదిరింది, లేదా వాళ్ళు చనిపోయారు. ఎక్కించని 229 మందిలో 41 మంది. అంటే 19 శాతం, 18 శాతం. తేడా ఏమీ లేదు. ఈ ఫలితం 2020 అక్టోబరులో అచ్చయింది. అయినా మన డాక్టర్లు రాస్తూనే ఉన్నారు, మనం వెతుకుతూనే ఉన్నాం. చివరికి 2021 మే 17న ప్లాస్మాను చికిత్సల జాబితా నుంచి తీసేశారు. కృష్ణపట్నంలో పంపిణీ ఆగింది దాని తర్వాత నాలుగు రోజులకే.

ఆ లెక్కలోనే నిలబడిన మందు కూడా ఒకటుంది. డెక్సామెథసోన్ దశాబ్దాలుగా వాడుకలో ఉన్న చౌక స్టెరాయిడ్. బ్రిటన్‌లో వేలమంది మీద ఇట్లాగే రెండు వర్గాలు చేసి చూస్తే, వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయని 2020 జూన్‌లో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకు మాత్రం దానివల్ల మేలు కనబడలేదు. ఆ రెండో ముక్క మన వీధుల్లోకి రాలేదు. జలుబు చేసినవాడికీ స్టెరాయిడ్ మింగించారు. ఫలితం కొలవడమంటే ‘ఈ మందు మంచిది’ అనే ముద్ర సంపాదించడమనుకుంటే సగమే అర్థమయినట్టు. ఎవరికి మంచిది, ఎప్పుడు మంచిది అన్నది కూడా ఆ కొలతలోంచే వస్తుంది.

మందుల పరీక్ష కొన్నాళ్ళలో ముగుస్తుంది. ఆసుపత్రి మాత్రం రోజూ నడుస్తూనే ఉంటుంది. రోజూ నడిచేచోట ఈ లెక్క ఎవరు రాయాలి? నూరేళ్ళ కిందట ఈ ప్రశ్న అడిగి బాగా దెబ్బతిన్న డాక్టరొకాయన ఉన్నాడు.

బోస్టన్‌లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ తన రోగి ఒక్కొక్కరికీ ఒక కార్డు పెట్టుకున్నాడు. ఏ జబ్బుతో వచ్చారు, ఏం చేశాను, ఇంటికెళ్ళేటప్పుడు ఎట్లా ఉన్నారు అని రాసి, ఏడాది తర్వాత మళ్ళీ కనుక్కుని తుది ఫలితం నింపేవాడు. బాగుపడకపోతే ఎందుకు పడలేదో, తప్పు తనదో జబ్బుదో అదే కార్డు మీద రాసేవాడు. అన్ని ఆసుపత్రులూ ఇట్లాగే చేసి ఫలితాలు బయటపెట్టాలన్నాడు. డాక్టర్లకు పదోన్నతులు సీనియారిటీని బట్టి కాదు, ఈ ఫలితాలను బట్టి ఇవ్వాలన్నాడు. ఇంకేముంది! పెద్దాసుపత్రితో పొసగక 1914లో బయటికొచ్చాడు. 1915 జనవరిలో ఒక సభలో పెద్ద వ్యంగ్యచిత్రం ప్రదర్శించాడు. అందులో నగరంలోని సంపన్నులు ఇసకలో తలదూర్చిన నిప్పుకోడి. అది బంగారు గుడ్లు పెడుతూ ఉంటుంది, వాటిని ఏరుకునేవాళ్ళు డాక్టర్లు. తోటి డాక్టర్లు ఆయన్ని వైద్యసంఘంలోని పదవి నుంచి కూడా దింపేశారు. తన సొంత చిన్న ఆసుపత్రిలో 1911 నుంచి 1916 దాకా చూసి పంపిన 337 మంది కేసుల్లో తాము చేసిన తప్పులు 123 అని లెక్క తీసి అచ్చువేయించాడు. తన తప్పుల జాబితాను తానే అచ్చువేసిన ఆసుపత్రికి జనం పరిగెత్తుకొస్తారా? కొన్నేళ్ళకే మూతపడింది. 1940లో ఆయన పోయాక సమాధి మీద పేరు కూడా చెక్కలేదు. 2014లో సర్జన్లే పూనుకుని రాయి వేయించారు.

ఆయన మీద వాళ్ళకు కోపం ఎందుకొచ్చిందో ఊహించడం కష్టం కాదు. వైద్యుడికి తన చేతి మీద నమ్మకం ఉంటుంది. ఉండాలి కూడా. లేకపోతే కత్తి పట్టలేడు. కాని ఆ నమ్మకం దేన్నుంచి పుట్టింది? తిరిగొచ్చి నమస్కారం పెట్టిన రోగుల నుంచి. తిరిగిరానివాళ్ళు బాగుపడి రాలేదా, వేరే ఆసుపత్రికెళ్ళారా, పోయారా? కార్డు లేనిదే డాక్టరుకు కూడా తెలియదు. ఇందులో ఎవరి దొంగతనమూ లేదు. కృష్ణపట్నంలో కనబడిన చిక్కే ఇక్కడ తెల్లకోటు వేసుకునుంది.

లెక్క కడితే పాత నమ్మకాలు ఎట్లా తలకిందులవుతాయో చూడాలంటే బోస్టన్ దాకా వెళ్ళక్కర్లేదు. నెల్లూరువాళ్ళకు మద్రాసు ఎప్పుడూ పొరుగూరే. 1950లలో క్షయ వస్తే ఉన్నవాళ్ళు తాంబరానికో, మదనపల్లె ఆరోగ్యవరానికో వెళ్ళేవాళ్ళు. మంచిగాలి, పాలూ గుడ్లూ, నెలల తరబడి విశ్రాంతి కావాలనేవాళ్ళు. లేనివాళ్ళకు అదంతా దక్కేది కాదు. 1956లో మద్రాసులో మొదలైన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 193 మంది పేద రోగులను రెండు భాగాలు చేసింది. సగంమందిని శానిటోరియంలో చేర్చారు. మిగతా సగంమంది తమ ఇరుకిళ్ళలోనే ఉంటూ, దొరికిందే తింటూ, అవే మాత్రలు మింగారు. ఏడాది గడిచాక చూస్తే ఫలితం దాదాపు ఒకటే. ఆ ఇళ్ళలోవాళ్ళను తర్వాత ఏళ్ళ తరబడి పరీక్షించినా, రోగి ఇంట్లో ఉన్నందువల్ల ఎక్కువమందికి అంటుకున్న దాఖలా లేదు. బాగుచేసింది మాత్రలే. 1959లో ఈ ఫలితం అచ్చయ్యాక ప్రపంచం క్షయకు ఇంటి దగ్గరే వైద్యం చేయడం నేర్చుకుంది. ఇవాళ మన ఊరి ఆశా కార్యకర్త క్షయ మాత్రలు ఇంటికే తెచ్చివ్వడం వెనక ఆ 193 మంది పేదలున్నారు.

అవేదిస్ డోనబేడియన్ అనే ఆయన 1966లో వైద్యం నాణ్యతను మూడుచోట్ల చూడొచ్చన్నాడు. ఏముంది, ఏం చేశారు, ఏమైంది అన్నవి ఆ మూడూ. గుంట భాషలో చెబితే ఏరేటర్లు ఎన్ని, మేత ఎట్లా వేశారు, పట్టుబడి ఎంత. మన ఆసుపత్రుల హోర్డింగులు గమనించండి. నెల్లూరు ట్రంకురోడ్డు మీద నడుస్తూ చదివినా చాలు. ఇన్ని పడకలు, ఇంత పెద్ద స్కానింగ్ యంత్రం, ఇన్ని వేల ఆపరేషన్లు. ఏరేటర్ల లెక్క ఉంది, మేత లెక్క ఉంది. పట్టుబడి లెక్క రాసిన హోర్డింగు నేనింతవరకు చూడలేదు.

అట్లాగని ఆసుపత్రుల్లో అసలే కొలవడం లేదనుకోవద్దు. ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు 2005లో వచ్చాక, ఆ ముద్ర కావాల్సినవాళ్ళు కొన్నింటిని నెలనెలా లెక్కకట్టాలి. ఆపరేషన్ గాయాల్లో ఎన్ని చీము పట్టాయి, ఐసీయూ నుంచి వార్డుకు మార్చినవాళ్ళలో ఎంతమంది 48 గంటల్లోపు మళ్ళీ ఐసీయూకే వచ్చారు, అత్యవసర విభాగం నుంచి ఇంటికి పంపినవాళ్ళలో ఎంతమంది 72 గంటల్లో అదే బాధతో తిరిగొచ్చారు. చూడటానికి గుమాస్తా పనిలా ఉంటుంది. కాని ఒక వార్డులో చీము కేసులు నెలకు రెండు నుంచి ఆరుకు పెరిగితే, ఏ ఒక్క డాక్టరు కంటికీ అది ఆనదు. ఒక్కొక్కరూ తమ ఒకటో రెండో కేసులే చూస్తారు. పుస్తకానికి ఆనుతుంది. అప్పుడు వెతికితే సామాన్లు ఉడకబెట్టే యంత్రంలో లోపమో, కొత్తగా మార్చిన దూదో దొరుకుతుంది.

ఇక్కడే ఒక మడతపేచీ ఉంది.

నెల్లూరు నుంచి చెన్నై 175 కిలోమీటర్లు. ‘మా వల్లకాదు, చెన్నై తీసుకెళ్ళండి’ అన్న మాట విననివాళ్ళు మా జిల్లాలో తక్కువ. మా దగ్గరి బంధువు ఒకాయన విషయంలో నేనూ విన్నాను. కేస్‌షీటు మీద ‘బంధువుల కోరికపై’ అని రాయించుకుని సంతకం పెట్టించుకున్నారు. ఆసుపత్రి భాషలో దాన్ని లామా అంటారు. మేమేమీ కోరలేదు. అర్ధరాత్రి అంబులెన్సు ఎక్కించాం. మనుబోలు దాటింది, గూడూరు దాటింది, నాయుడుపేట దగ్గర ఆగిపోయింది. ఆయన మరణం ఎవరి లెక్కలోకి వెళ్ళింది? పంపిన ఆసుపత్రి పుస్తకంలో ఆయన బతికే వెళ్ళాడు. చెన్నై ఆసుపత్రి పుస్తకంలో ఆయన లేనేలేడు. ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి ఎవరు చూసినా, ఆ రాత్రి హైవే మీద ఎవరూ చనిపోలేదు.

ఎవరినో తిట్టడానికి ఈ సంగతి ఎత్తలేదు. మరణాల శాతం తక్కువగా చూపడానికి తేలికైన మార్గం వైద్యం మెరుగుపరచడం కాదు, ప్రమాదంలో ఉన్నవాణ్ణి గేటు దాటించడం. అందుకే లెక్క తెలిసినవాళ్ళు ఆసుపత్రిలో జరిగిన మరణాలతో సరిపెట్టుకోరు. చేరిన రోజు నుంచి 30 రోజుల్లోపు, ఎక్కడ పోయినా సరే, లెక్కలోకి తీసుకుంటారు. దీనికి రెండోవైపు కూడా చూడాలి. అందరూ ‘కాదు’ అన్నవాళ్ళను ‘రండి’ అనే పెద్దాసుపత్రి ఉంటుంది. విషం మింగినవాళ్ళు, పాము కరిచినవాళ్ళు, లారీ గుద్దినవాళ్ళు, డబ్బులైపోయి ప్రైవేటు ఆసుపత్రి నుంచి వచ్చినవాళ్ళు, అందరూ అక్కడికే చేరతారు. అక్కడ మరణాలు ఎక్కువ ఉండక తప్పదు. చవుడు నేలలో గుంట తవ్వినవాడి పట్టుబడిని మంచి నేల వాడి పట్టుబడితో పోల్చి తిడితే అది లెక్క అవుతుందా? వచ్చిన రోగి వయసు, షుగరు, గుండె బలం, ఎంత ఆలస్యంగా వచ్చాడు అన్నవన్నీ సర్ది, ‘ఇట్లాంటి నూరుమందిలో మామూలుగా ఇంతమంది పోతారు, ఇక్కడ ఇంతమంది పోయారు’ అని చూడాలి.

న్యూయార్క్ రాష్ట్రం ఆ పని చేసింది. 1989 నుంచి గుండె బైపాస్ ఆపరేషన్ల వివరాలన్నీ సేకరించి, రోగి ప్రమాదాన్ని సర్ది, ఏ ఆసుపత్రిలో ఎంతమంది పోతున్నారో ప్రకటించింది. తర్వాత ఒక పత్రిక కోర్టుకెళ్ళి సర్జన్ల పేర్లతో సహా బయటికి లాగింది. 1992కల్లా ఆ సర్దిన మరణాల శాతం 4.17 నుంచి 2.45కు దిగింది. కొన్ని ఆసుపత్రులు తమ అంకెలు చూసుకుని ఉలిక్కిపడి, ఆపరేషన్‌కు ముందు రోగిని సిద్ధం చేసే తీరునే మార్చుకున్నాయి. అయితే ఇట్లాంటి జాబితాలే వేసిన పెన్సిల్వేనియాలో సర్జన్లను అడిగితే, మరీ ప్రమాదంలో ఉన్న రోగికి ఆపరేషన్ చేయడానికి ఇదివరకటి కంటే వెనకాడుతున్నామని సగానికి పైగా ఒప్పుకున్నారు. అంకె బయటపడ్డ మరుక్షణం అంకెను కాపాడుకునే ఆట కూడా మొదలవుతుంది. కొలిచేవాడు ఆ ఆటను కూడా కొలవాల్సిందే.

బతికాడా పోయాడా అన్నది మొరటు కొలత. చాలా జబ్బుల్లో అది ప్రశ్నే కాదు. మా మేనత్తకు పదేళ్ళ కిందట ఒక క్యాంపులో శుక్లం తీశారు. పచ్చ గుడ్డ కట్టారు, అరటిపళ్ళిచ్చారు, ఫోటో తీశారు. ఆపరేషన్ సక్సెస్ అని చీటీ ఇచ్చారు. నెల తర్వాత వెళ్ళి, ‘కన్ను ఎట్లా ఉందత్తా?’ అన్నాను. ‘బాగుందంటన్నారు గదా అబ్బయా, నాకు మాత్రం సూది బెజ్జం కనపడలా’ అంది. ఆమె రవికలు కుట్టి బతికే మనిషి. ఆపరేషన్ బాగానే చేశారు. దగ్గరి చూపుకు అద్దాలు మాత్రం ఎవరూ రాయలేదు. ఆ చీటీ ప్రకారం ఆమె చూపొచ్చిన మనిషి. కుట్టుమిషను ముందు కూర్చుంటే గుడ్డి.

ఆమె ఒక్కతే కాదు. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థ 1990లలో ఆంధ్రప్రదేశ్ అంతటా పెద్ద సర్వే చేసింది. ఆ సర్వేవాళ్ళు ఆసుపత్రి పుస్తకాలు తిరగేయలేదు. ఇళ్ళ లెక్కన మనుషులను ఎంచుకుని కళ్ళు పరీక్షించారు. హైదరాబాదులో శుక్లం ఆపరేషన్ అయిన కళ్ళను చూస్తే, ఆపరేషన్ తర్వాత కూడా సుమారు అయిదింట ఒక కంటికి చూపు దాదాపు లేనట్టే. కొన్నింటికి కారణం ఆపరేషన్‌లో లోపం. కొన్నింటికి సరైన అద్దాలు లేకపోవడమే. అప్పటిదాకా దేశమంతా కంటి వైద్యాన్ని ఏడాదికి ఎన్ని లక్షల శుక్లాలు తీశామన్న లెక్కతో కొలుస్తోంది. తీసిన శుక్లాలు ఎన్ని అన్నది మేత బస్తాల లెక్క. చూపొచ్చిన కళ్ళు ఎన్ని అన్నది పట్టుబడి. ఇంగ్లండులో 2009 నుంచి తుంటి, మోకాలి కీలు మార్చే ఆపరేషన్లకు ముందూ తర్వాతా రోగినే అడుగుతున్నారు. మెట్లెక్కగలుగుతున్నావా, రాత్రిపూట నొప్పితో లేస్తున్నావా, సొంతంగా స్నానం చేస్తున్నావా అని. మా అత్తను అడగాల్సిన ప్రశ్న మరీ చిన్నది. సూదిలో దారం ఎక్కించగలవా?

ఈ కొలతలన్నింటికీ చిక్కని సంగతి ఒకటుంది. పేదల వైద్యానికి ప్రభుత్వం డబ్బు కట్టే ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలయింది. పేదవాడు కార్పొరేట్ ఆసుపత్రి మెట్లెక్కగలిగాడంటే అది దాని పుణ్యమే, ఎవరూ కాదనలేరు. కాని ఆపరేషన్‌కు ఇంత అని డబ్బు చెల్లిస్తే ఆపరేషన్లు పెరుగుతాయి. అవసరం లేకున్నా గర్భసంచులు తీసేస్తున్నారన్న విమర్శలు గట్టిగా వచ్చి, ఆ ఆపరేషన్లను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయాల్సి వచ్చింది. ఆలోచించండి, జబ్బులేని నలభయ్యేళ్ళ ఆడమనిషికి గర్భసంచి తీస్తే ఫలితాలు అద్భుతంగా ఉంటాయి. ఎవరూ చనిపోరు, మూడోనాడు నడుచుకుంటూ ఇంటికెళతారు. ఏ జాబితాలో చూసినా ఆ ఆసుపత్రికి మొదటి ర్యాంకు. చేయకూడని పనిని చక్కగా చేశారా అని కొలిస్తే వచ్చే జవాబు అది. ఎందుకు చేశారన్న ప్రశ్నకు ఫలితాల పుస్తకంలో గడి లేదు. విడిగా పెట్టాలి.

అన్నీ ఫిర్యాదులే చెబితే న్యాయం కాదు. మన రాష్ట్రంలో ఒక లెక్క మాత్రం దాదాపు రొయ్యల రైతు పద్ధతిలోనే నడుస్తోంది. అది కాన్పుల్లో పోయే తల్లుల లెక్క. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాణంతో పుట్టిన ప్రతి లక్షమంది బిడ్డలకు 154 మంది తల్లులు చనిపోయేవాళ్ళు. 2018-20 నాటికి ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో అది 45. ఈ అంకె ఆసుపత్రులు రాసిచ్చింది కాదు. నమూనాగా ఎంచుకున్న ఊళ్ళలో ఇల్లిల్లూ తిరిగి జననాలూ మరణాలూ రాసుకునే జాతీయ వ్యవస్థ తేల్చింది. కాబట్టి ఏ ఆసుపత్రీ గేటు దాటించి దాన్ని తగ్గించుకోలేదు. కాన్పయ్యాక 42 రోజుల్లోపు కాన్పుకు సంబంధించిన కారణంతో తల్లి ఎక్కడ పోయినా లెక్కే.

2010లో వచ్చిన కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ప్రతి తల్లి మరణాన్నీ విడిగా విచారించాలి. ఎక్కడ పోయింది అన్న ప్రశ్నకు ఆ ఫారంలో ఇంట్లో, ఆసుపత్రిలో అన్నవాటితో పాటు ‘దారిలో’ అని కూడా ఒక గడి ఉంది. నా బంధువు కోసం నేను వెతుక్కున్న గడి అదే. జిల్లా కలెక్టరు దగ్గర జరిగే సమీక్షకు చనిపోయిన తల్లి ఇంటివాళ్ళను కూడా పిలవాలని రాశారు. రక్తం ఎప్పుడు అడిగారు, ఎప్పుడొచ్చింది, బండి ఎన్ని గంటలకు బయల్దేరింది, మొదటి ఆసుపత్రిలో ఎంతసేపు ఉంచారు అని అక్కడ వాళ్ళే చెప్పొచ్చు. శిక్ష వేయడానికి కాదని మార్గదర్శకాల్లోనే స్పష్టంగా ఉంది. భయపెడితే కాగితాలు దిద్దుతారు. ఎక్కడ ఆలస్యమయిందో దొరికితే అక్కడ ఒక రక్తనిధో, ఒక అంబులెన్సో, రాత్రి డ్యూటీకి మత్తు డాక్టరో వస్తాడు. తల్లుల మరణాలు తగ్గడానికి ఆసుపత్రి కాన్పులు పెరగడం, 108 బండ్లు, రక్తహీనతకు మాత్రలు ఇట్లా చాలా కారణాలున్నాయి. ఏది ఎక్కడ చాలడం లేదో చూపించింది మాత్రం ఈ ఫారాలే.

ఈ లెక్క మొదలయ్యేది కలెక్టరు ఆఫీసులో కాదు. ఆసుపత్రిలో కాన్పయి ఇంటికొచ్చిన బిడ్డను ఆశా కార్యకర్త ఆరుసార్లు చూడాలి. మూడో రోజు, ఏడో రోజు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, చివరిగా నలభై రెండో రోజు. ముత్తుకూరు దారిలో ఏ ఊరికైనా పొద్దున పదింటప్పుడు వెళ్ళండి. చంకన సంచీతో, అందులో బరువు తూచే త్రాసుతో, చేతిలో మడతలుపడ్డ ఫారాలతో ఎవరో ఒకరు ఎదురుపడతారు.

‘మళ్ళా ఎందుకొచ్చావు మే? బిడ్డ బాగానే ఉండాడు గదా’ అంటుంది గడపలో కూర్చుని చేపలు తోముతున్న పెద్దామె.

‘బాగుండాడని రాసుకోవాలి గదా పెద్దమ్మా’ అంటూ ఆమె లోపలికి పోతుంది. దూలానికి త్రాసు తగిలిస్తుంది, గుడ్డ ఊయలలో బిడ్డను పడుకోబెడుతుంది. బాలింతను జ్వరమేమన్నా వచ్చిందా, రక్తం ఆగిందా అని అడుగుతుంది. ముల్లు కదలకుండా నిలబడేదాకా బిడ్డ కాళ్ళు తన్నుకుంటూనే ఉంటాడు. నాలుగు కిలోల రెండొందలు. ఫారం మీద ఆరో గడిలో రాసి, ఎండకు కొంగు కప్పుకుని పక్క వీధిలో మూడో రోజు బిడ్డ ఉన్న ఇంటికి బయల్దేరుతుంది.